పెద్ద ప్లినీ: మూలము చెప్పి వ్రాసిన పండితుడు

మన గ్రంథాలయమునకు వచ్చువారిలో ఏడవ, ఎనిమిదవ తరగతుల బాలబాలికలది ఒక ప్రత్యేకమైన వరుస. పెద్దలు తమకు ప్రియమైన నవల కొరకో, వార్తాపత్రిక కొరకో వత్తురు. వీరు మాత్రము బడిలో పంతులుగారిచ్చిన ప్రశ్నను వెంటబెట్టుకొని వత్తురు. ప్రాచీన రోమనులు ఎట్లు జీవించిరి, ఏమి భుజించిరి, మన దేశముతో వారికి గల సంబంధమెట్టిది అని వ్యాసము వ్రాయవలసియుండును. ఎచ్చట వెదకవలెనో తెలియక ఏదో యొక పుస్తకము తెరచి, అందలి నాలుగు వాక్యములు ఎత్తి వ్రాసికొని పోవుదురు. ఈనాడు పుస్తకమునకు బదులు సెల్‌ఫోను తెరచుచున్నారు. ఎత్తి వ్రాయుట మాత్రము మారలేదు. ఆ మాట మొదట చెప్పినవారెవరు, వారికి ఎట్లు తెలిసినది అను ప్రశ్న వారికి తోచదు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట తన విధియని తలచిన రోమను పండితుడొకడు దాదాపు రెండువేల సంవత్సరముల క్రిందట నుండెను. ఆయనయే పెద్ద ప్లినీ. రోమనుల సంగతులు తెలిసికొనగోరు విద్యార్థులకు ఆయన గ్రంథము ఒక గని. ఆయన జీవితము ఒక పాఠము. గ్రంథాలయ రజతోత్సవ వేళ స్మరింపదగిన చరిత్రయని తలచి దీనిని పాఠకుల ముందుంచుచున్నాను.

ప్లినీ క్రీ.శ. 23వ సంవత్సరమునగాని, 24వ సంవత్సరమునగాని ఇటలీ ఉత్తరభాగమున, ఆల్ప్సు పర్వతముల పాదమున నున్న కోమో పట్టణమున జన్మించెను. ఆయన కుటుంబము సంపన్నమైనదే కాని, రోమునేలిన ప్రభువంశములలోనిది కాదు. దాని క్రింది అంతస్తుగా నెంచబడిన అశ్వికవర్గమునకు చెందినది. ఆయన మేనల్లుడు కూడ ప్లినీ నామముతోనే ప్రసిద్ధుడగుటచే, మేనమామను పెద్ద ప్లినీ యనియు, మేనల్లుని చిన్న ప్లినీ యనియు లోకము వ్యవహరించుచున్నది. పెద్ద ప్లినీ దినచర్యయు, మరణవృత్తాంతమును మనకు తెలియుట ఈ మేనల్లుడు తన మిత్రులకు వ్రాసిన లేఖల వలననే.

యౌవనమున ప్లినీ సైన్యమున జేరి, జర్మనీ సరిహద్దులలో ఆశ్వికదళనాయకుడుగా పనిచేసెను. ఆయన కత్తితోపాటు కలమును గూడ చేతబట్టినవాడు. గుర్రముపై నుండి ఈటె విసరు విధానమును గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. అచ్చటనే ఆయనకొక కల వచ్చినదట. అంతకు పూర్వము జర్మనీలో పోరాడి అచ్చటనే మరణించిన డ్రూససు అను సేనాని కలలో గనబడి, తన పేరు మరుగున పడకుండ కాపాడుమని వేడుకొనెనట. ఆ కల ప్రేరణచే ప్లినీ జర్మను యుద్ధముల చరిత్రను 20 భాగములుగ రచించెను.

ఆ గ్రంథము నేడు లేదు. కాని తరువాతి తరపు చరిత్రకారుడైన టాసిటసు తన గ్రంథమున ఒక సంఘటనను చెప్పుచు, దానిని ప్లినీ రచనలో చూచితినని పేరు పెట్టి చెప్పెను. ఒకరు తమ ఆధారము పేరు వ్రాసిన కారణమున, నశించిన పుస్తకపు జాడ యొకటి మనకు దక్కినది. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ప్లినీ జీవితమంతయు దీని చుట్టునే తిరుగును.

నీరో చక్రవర్తి పాలన చివరి సంవత్సరములలో స్వేచ్ఛగా చరిత్ర వ్రాయుట ప్రాణములకే ముప్పు. అప్పుడు ప్లినీ తెలివిగా వ్యాకరణ సందేహములను గూర్చి 8 భాగముల గ్రంథము వ్రాసికొనుచు కాలము గడపెను. క్రీ.శ. 69లో వెస్పేసియను చక్రవర్తి యైన పిమ్మట ప్లినీకి మంచి దినములు వచ్చినవి. ఆయా రాష్ట్రములలో ఆదాయ వ్యవహారములు చూచు ఉన్నతోద్యోగములు లభించినవి. ఉద్యోగభారము పెరిగినను ఆయన చదువు తగ్గలేదు.

ఆయన దినచర్య విన్నవారికి ఆశ్చర్యము గలుగక మానదు. తెల్లవారకముందే చక్రవర్తి దర్శనమునకు పోవును. వెస్పేసియను కూడ రాత్రివేళ పనిచేయు అలవాటు గలవాడు. అచ్చటి నుండి కచేరీ పనులకు బోయి, ఇంటికి వచ్చి మిగిలిన కాలమంతయు పుస్తకములకే యిచ్చును. వేసవిలో తీరిక దొరకినచో ఎండలో పరుండి ఎవరిచేతనైన చదివించుకొని వినును. వినుచునే ముఖ్యాంశములు గుర్తు వ్రాయించును. గుర్తు వ్రాసికొనకుండ ఆయన ఏ పుస్తకమును చదువలేదు. ఎంత చెడ్డ పుస్తకములోనైనను ఎక్కడో యొకచోట పనికివచ్చు ముక్క దొరకునని ఆయన నమ్మకము. భోజనవేళను సైతము పుస్తకపఠనము సాగవలసినదే. ఒకనాడు చదువువాడు ఒక పదమును తప్పుగా ఉచ్చరింపగా, విందులోని మిత్రుడొకడు దానిని మరల చదివించెనట. అర్థమైనదానికి మరల చదివించి పది పంక్తుల కాలము వ్యర్థము చేసితివని ప్లినీ ఆ మిత్రుని మందలించెనట. ప్రయాణములలో లేఖకుడొకడు పుస్తకముతోను, మైనపు పలకలతోను ప్రక్కనే యుండవలెను. చలికాలమున చేతులు కొంకర్లు పోయి వ్రాత ఆగిపోకుండ ఆ లేఖకుని చేతులకు తొడుగులు వేయించెడివాడు. నడచిపోవుచున్న మేనల్లుని జూచి, పల్లకిలో పోయినచో ఆ గడియలు చదువుకు దక్కెడివి గదా యని గద్దించినవాడు ఆయన.

ఇచ్చట ఒక మాట చెప్పకుండుట న్యాయము గాదు. ఆనాటి రోములో ఇట్లు చదివి వినిపించుచు, చెప్పినది వ్రాసికొనుచుండిన వారు సాధారణముగా బానిసలు. వారు రాత్రింబవళ్లు కష్టింపనిదే ప్లినీ పాండిత్యము ఇంతగా పండెడిది కాదు. తాను చదివిన గ్రంథకర్తల పేర్లు శ్రద్ధగా వ్రాసిన ఆ మహనీయుడు ఈ చేతుల పేర్లు మాత్రము మనకు చెప్పిపోలేదు. చరిత్రలోని ఆధారములను వెదకువారు, ఉన్న పేర్లతోపాటు లేని పేర్లను గూర్చియు ఆలోచింపవలెను.

ఇట్లు పోగుచేసిన గుర్తుల పుస్తకములు ఆయన మరణించునాటికి 160 అయినవి. అవి రెండువైపుల సన్నని అక్షరములతో నిండియుండెను. స్పెయిను దేశమున ఉద్యోగము చేయునప్పుడే ఒక రోమను అధికారి వాటికి నాలుగు లక్షల సెస్టర్సులు ఇచ్చెదనని బేరమాడెను. అప్పటికి ఆ పుస్తకములు అంత పెరుగలేదు కూడ. ప్లినీ అమ్మలేదు. తన మరణానంతరము వాటిని మేనల్లునికే విడిచిపోయెను.

ఆ గుర్తుల నుండి పుట్టినదే ప్రకృతిచరిత్ర యను మహాగ్రంథము. దీనిని క్రీ.శ. 77లో వెస్పేసియను కుమారుడైన టైటసునకు అంకితమిచ్చెను. ఇందు 37 భాగములు గలవు. ఆకాశము, భూగోళము, మనుష్యుడు, జంతువులు, చెట్లు, పైరులు, మందులు, లోహములు, చిత్రకళ, రత్నములు మొదలగు విషయములన్నియు ఇందు వరుసగా వచ్చును. వంద మంది ముఖ్య గ్రంథకర్తల రచనలు మొదలుకొని రెండువేల పుస్తకములు చూచి, ఇరువదివేల విశేషములు చేర్చితినని ఆయన లెక్క. ఆయన పేర్కొన్నవారి నందరిని లెక్కించినచో నాలుగు వందలకు మించుదురు.

ఈ గ్రంథమున గ్రంథాలయాభిమానులు ముందుగా చూడవలసినది మొదటి భాగము. అది తక్కిన 36 భాగములలో ఏయే విషయములున్నవో తెలుపు పట్టిక. ఆ కాలమున మనవంటి కుట్టు పుస్తకములు వాడుకలో లేవు, పపైరసు చుట్టలుండెడివి. కావలసిన సంగతి కొరకు చుట్టనంతయు విప్పుకొనుచు పోవలసినదే. చదువువారు ఆ శ్రమ పడకుండ, తమకు కావలసినచోటికి నేరుగా పోవుటకే ఆయన ఈ పట్టిక నమర్చెను. అంతేకాదు, ప్రతి భాగపు విషయసూచికకు చివర, ఆ భాగమునకు ఆధారమైన గ్రంథకర్తల పేర్లను రోమనులను వేరుగా, విదేశీయులను వేరుగా వ్రాసెను.

ఎందుకు వ్రాసెనో కూడ తొలిపలుకులలో తెలిపెను. తాను పూర్వుల గ్రంథములను ప్రక్క ప్రక్కన బెట్టి పోల్చి చూడగా, పేరుపొందిన ఆధునికులు అనేకులు ప్రాచీనుల మాటలను అక్షరము మార్చక తమ పుస్తకములలో దింపుకొని, వారి పేరైనను చెప్పకుండుట కనబడినది. ఇది ఆయనకు దొంగతనముగా తోచినది. ఎవరి వలన లాభము పొందితిమో వారి పేరు చెప్పుట మర్యాద యని ఆయన మతము. నేటి మన విద్యార్థి ఎత్తి వ్రాసికొని పోవు నాలుగు వాక్యముల తగవు ఈనాటిది కాదని దీనివలన తెలియుచున్నది.

మన దేశమును గూర్చి ఈ గ్రంథమున గల సంగతులు మనకు మిక్కిలి ఆసక్తికరములు. ఋతుపవనముల నాధారము చేసికొని ఎఱ్ఱసముద్ర ముఖమునుండి నలువది దినములలో మలబారు తీరపు ముజిరిసు రేవును చేరవచ్చునని ఆయన వ్రాసెను. భారతదేశపు సరకుల కొరకు రోమను సామ్రాజ్యము నుండి ఏటేట ఐదుకోట్ల సెస్టర్సులకు తక్కువగాక ధనము తరలిపోవుచున్నదనియు, ఆ సరకులు రోములో నూరురెట్ల వెలకు అమ్ముడుపోవుచున్నవనియు వాపోయెను. నల్లమిరియముల వెల పౌనుకు నాలుగు దినారములని ధర కూడ చెప్పెను. ఆనాటి సామాన్య సైనికుని సంవత్సరపు జీతము 225 దినారములు. ఈ మాటలకు భూమియే సాక్ష్యమిచ్చినది. పల్నాటి వినుకొండలో 1889లో రోమను బంగారు నాణెములు దొరకినవి. నల్లగొండ ప్రాంతమున అక్కనపల్లిలో రోమను వెండి నాణెముల రాశి బయల్పడినది. పుదుచ్చేరి సమీపమున అరికమేడులో 1945లో జరిగిన త్రవ్వకములలో రోమను మట్టిపాత్రలు కనబడినవి.

ఆంధ్రుల ప్రసక్తియు ఆయన గ్రంథమున గలదు. అందరే యను జాతివారు బలవంతులనియు, వారికి పెక్కు గ్రామములు, ప్రాకారములు బురుజులు గల 30 పట్టణములు, లక్ష కాల్బలము, రెండువేల గుర్రములు, వేయి ఏనుగులు గలవనియు వ్రాసెను. ఈ వాక్యమును మనవారు గర్వముతో ఉదాహరింతురు, గర్వపడదగినదే. కాని అది ప్లినీనాటి సంగతియా? ఆయన మన దేశమునకు ఎన్నడును రాలేదు. భారత రాజులవద్ద నివసించి వారి సేనాబలములను గూర్చి వ్రాసిన గ్రీకులలో మెగస్తనీసు పేరును ఆయనయే చెప్పియున్నాడు. మెగస్తనీసు చంద్రగుప్త మౌర్యుని ఆస్థానమునకు వచ్చినది క్రీ.పూ. 300 ప్రాంతమున. అందుచే ఈ లెక్క మెగస్తనీసుదే కావచ్చునని పలువురు చరిత్రకారులు తలంతురు. అట్లయినచో పుస్తకపు వయస్సు ఒకటి. అందలి మాట వయస్సు వేరొకటి. ప్లినీ వ్రాసెను గనుక క్రీ.శ. మొదటి శతాబ్దపు ఆంధ్రరాజ్యమిది యని విద్యార్థి వ్రాసినచో, మూడు వందల యేండ్ల పొరపాటు జరుగవచ్చును. ప్లినీ తన మూలములను చెప్పకున్నచో ఈ సందేహము మనకు కలిగెడిదే కాదు.

ఆయన వ్రాసినదంతయు సత్యమని యెవ్వరును చెప్పరు. భారతదేశమున నోరులేక వాసనతోనే జీవించు మనుష్యులున్నారనియు, ఒంటికాలితో గంతులు వేయుచు ఎండవేళ ఆ పాదమునే గొడుగుగ పట్టుకొని పరుండువారు కలరనియు గ్రీకు రచయితల నుండి గ్రహించి చేర్చెను. మనము నవ్వుకొనవచ్చును. అయితే ఇట్టి కథలను చెప్పినవారెవరో కూడ ఆయన తెలిపెను గనుక నింద ఎవరికి చెందవలెనో వారికే చెందును. ఈ గ్రంథము 1469లో వెనీసు నగరమున మొదటిసారి అచ్చయినది. 1492లో లియోనిచేనో అను ఇటలీ వైద్యుడు ఇందలి మూలికల విషయమును గ్రీకు గ్రంథములతో పోల్చి, ప్లినీ తప్పులను ఏకరువు పెట్టెను. ఆధారము తెలిసిన తప్పును ఎప్పటికైనను దిద్దవచ్చును. ఆధారము లేని ఒప్పును గూడ నమ్ముట కష్టము.

ఇక ఆయన అంత్యకాలపు కథ. క్రీ.శ. 79లో ప్లినీ నేపుల్సు అఖాతమునందలి మిసీనమువద్ద రోమను నౌకాదళమునకు అధిపతిగా నుండెను. ఆయన చెల్లెలును, 17 ఏండ్ల మేనల్లుడును ఆ యింటనే యుండిరి. ఒకనాటి మధ్యాహ్నము భోజనము చేసి ఆయన చదువుకొనుచుండగా, ఆకాశమున వింతయైన మేఘము లేచినదని చెల్లెలు వచ్చి చూపెను. అది ఛత్రమువలె కొమ్మలు చాచిన వృక్షమును బోలియుండెను. విసూవియసు కొండ పగిలినది. ప్రకృతిని గూర్చి 37 భాగములు వ్రాసిన పండితుడు దానిని దగ్గరగా చూడకుండ ఎట్లుండును? చిన్న పడవను సిద్ధము చేయించెను, మేనల్లుని రమ్మనెను. ఆ బాలుడు మామయ్య తనకిచ్చిన వ్రాతపని యున్నదని నిలిచిపోయెను. ఆ చదువే అతని ప్రాణమును, ఈ కథను కాపాడినది.

ప్లినీ బయలుదేరుచుండగా కొండ పాదమున నివసించు రెక్టీనా అను స్త్రీ యొద్దనుండి చీటి వచ్చెను. సముద్రమార్గము తప్ప తప్పించుకొను దారి లేదనియు, రక్షింపుమనియు ఆమె వేడెను. ఆ క్షణమున ప్లినీ ప్రయాణపు ఉద్దేశము మారినది. వింత చూడబోవు పండితుడు జనులను కాపాడబోవు నాయకుడయ్యెను. చిన్న పడవను విడిచి పెద్ద యుద్ధనౌకలను నడిపించెను. అందరు పారిపోవుచున్న దిక్కునకే ఆయన పోవుచు, మేఘము మారు విధమునంతను లేఖకునికి చెప్పి వ్రాయించుచుండెను. నౌకలపై వేడి బూడిదయు, కాలిన రాళ్లును పడసాగెను. తీరమును చేరుట అసాధ్యమయ్యెను. వెనుకకు మరలుదమని నావికుడు చెప్పినను వినక, స్టాబియే యను చోట నున్న మిత్రుడు పాంపోనియానసు కడకు పోయెను.

అచ్చట భయపడుచున్నవారికి ధైర్యము గలుగుటకై స్నానము చేసి, భోజనము చేసి, హాయిగా నిద్రించెను. ఆయన గురక వాకిటివారికి వినవచ్చెనట. రాత్రి ముంగిలి బూడిదతో నిండుచుండగా ఆయనను లేపిరి. భూమి కంపించుచుండెను. అందరును తలలపై దిండ్లు కట్టుకొని తీరమునకు నడచిరి. సముద్రము ఇంకను పోటెత్తియుండెను. పరచిన గుడ్డపై పరుండి ప్లినీ రెండుసార్లు మంచినీరు త్రాగెను. మంటలును, గంధకపు వాసనయు సమీపింపగా ఇద్దరు సేవకుల నానుకొని లేచి, వెంటనే కూలిపోయెను. మరల వెలుతురు వచ్చిన నాడు ఆయన దేహము ఏ గాయమును లేక, నిద్రించువాని దేహమువలె కనబడెను. అప్పటికి ఆయనకు 56వ యేడు నడచుచుండెను.

దాదాపు పాతికేండ్ల తరువాత టాసిటసు కోరగా, చిన్న ప్లినీ ఈ వృత్తాంతమును లేఖలుగా వ్రాసి పంపెను. తాను చూచినది ఏదో, సంఘటన జరిగిన వెంటనే ఇతరుల వలన విన్నది ఏదో అతడు తెలిపెను. మామయ్య నేర్పిన విద్య వ్యర్థము కాలేదు. అయినను ఆ లేఖల నకళ్లలో గల తేదీ విషయమున నేటికిని వాదము గలదు. సంప్రదాయముగా ఆగస్టు 24 అని చెప్పుదురు. 2018లో పాంపే త్రవ్వకములలో ఒక గోడపై అక్టోబరు 17కు సరియగు తేదీ బొగ్గుతో వ్రాయబడి కనబడినది. అందు సంవత్సరము లేదు. కాని బొగ్గువ్రాత త్వరగా చెరగిపోవును గనుక విస్ఫోటము అటుపిమ్మట జరిగియుండునని కొందరి వాదము. అదే విపత్తున పూడిపోయిన హెర్క్యులేనియములో 18వ శతాబ్దమున ఒక గ్రంథాలయమే బయటపడినది. అందలి చుట్టలు మాడి బొగ్గయినవి. విప్పజాలని అట్టి చుట్టలోపలి అక్షరములను 2023లో కంప్యూటరు సాయమున చదువ మొదలిడిరి; మొదట బయల్పడినది ఊదారంగు అను అర్థము గల గ్రీకు పదము. పందొమ్మిది వందల యేండ్ల పిమ్మట కాలిపోయిన గ్రంథాలయము కూడ పలుకుచున్నది.

మన బాలబాలికలు రోమనులను గూర్చి వ్రాయగోరినప్పుడు పెద్ద ప్లినీ గ్రంథమును, చిన్న ప్లినీ లేఖలను చూడవచ్చును. పెద్ద ప్లినీ గ్రంథమునకు 1855–57లో బోస్టాకు, రైలీ యను వారు చేసిన ఆంగ్లానువాదము నేడు అంతర్జాలమున ఉచితముగా లభించును. అంత గ్రంథమును చూచి బెదరనక్కరలేదు. మొదటి భాగపు పట్టికలో కావలసిన విషయమును వెదకుకొని అచ్చటికే పోవచ్చును. గ్రంథకర్త దానిని వ్రాసినది అందులకే. పుస్తకమున చదివిన మాటను నాణెముతోను, శాసనముతోను, త్రవ్వకములలో దొరకిన వస్తువుతోను సరిచూడవలెను. రెండు పుస్తకములు ఒకే మాట చెప్పినచో, రెండవది మొదటిదానిని చూచి వ్రాసినదేమో విచారింపవలెను. వ్యాసము చివర తాము చూచిన పుస్తకము పేరు, వ్రాసినవారి పేరు తప్పక వ్రాయవలెను. పెద్దలకును, పంతుళ్లకును ఇందు బాధ్యత గలదు. చక్కని చేవ్రాతకు ఇచ్చు మెప్పును, ఎచ్చట చూచితినో చెప్పిన నిజాయితీకి గూడ ఈయవలెను.

పెద్ద ప్లినీ వ్రాసిన గ్రంథముల భాగములు మొత్తము 102 అని మేనల్లుని లేఖ వలన తెలియుచున్నది. అందు నేడు మిగిలినవి 37 మాత్రమే. తక్కిన 65 భాగములును, ఆ 160 గుర్తుల పుస్తకములును కాలగర్భమున కలసిపోయినవి. ఆయన పేర్కొన్న గ్రంథకర్తలలో పలువురి రచనలు కూడ లేవు; ఆయన చెప్పుటచేతనే వారి పేర్లు బ్రతికియున్నవి. మన గ్రంథాలయపు బీరువాలలో నున్న పుస్తకములు ఇరువదియైదు సంవత్సరములుగా నిలిచియుండుట చిన్న విషయము కాదు. వాటిని చెదలనుండి, తడినుండి కాపాడుట కార్యవర్గము వారి పని. వాటిలోని మాటను దాని మూలముతో సహా తరువాతివారికి అందించుట చదువరులమైన మన అందరి పని.